అన్నా, నేను దీపం పెట్టొచ్చా?



గీత మూడో అధ్యాయం వీడియో పెట్టిన రోజు రాత్రి ఒంటిగంట దాటాక ఒక మెసేజ్ వచ్చింది. పేరు, ఊరు చెప్పను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇరవై ఆరేళ్ళు. అతన్ని అడిగే ఇక్కడ రాస్తున్నా. "అన్నా, నాలుగేళ్ళుగా పోర్న్ చూడటం మానలేకపోతున్నా. ప్రతి సోమవారం శివుడి ముందు ఒట్టు పెట్టుకుంటా. గురువారం దాకా కూడా నిలబడదు. ఆ చేతులతో అగ్గిపుల్ల గీయాలంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఆర్నెల్లుగా దీపం పెట్టడమే మానేశా. నేను దీపం పెట్టొచ్చా?"

దీనికి వీడియోలో జవాబు చెప్పడం కష్టం. మన ఛానెల్‌ని అమ్మానాన్నలతో కలిసి టీవీలో చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నా. ఇంకో కారణం కూడా ఉంది. ఆ మెసేజ్ చదివినప్పుడు ఎవరో కుర్రాడి గురించి చదువుతున్నట్టు అనిపించలేదు. కొన్నేళ్ళ కిందటి నేనే నాకు ఉత్తరం రాసినట్టు అనిపించింది.

2016 సెప్టెంబరులో జియో వచ్చేసరికి నేను ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉన్నా. అంతకుముందు నెలకి ఒక జీబీ ప్యాక్ వేయించుకుని, ఒక్కో ఎంబీ లెక్క చూసుకుంటూ వాడేవాళ్ళం. ఒక్కసారిగా డేటా ఉచితం అయిపోయింది. హాస్టల్లో అందరం అన్నీ చూశాం. చాలామంది కొన్నాళ్ళు చూసి, విసుగొచ్చి వదిలేశారు. నేను వదల్లేదు. ఉద్యోగం వచ్చాక సొంత గది, తలుపుకి గడియ, అడిగేవాళ్ళు లేరు. పని ఒత్తిడి ఉన్నా అదే, లేకపోయినా అదే. మేనేజర్ తిట్టినా అదే, మెచ్చుకున్నా అదే.

ఒక ముక్కోటి ఏకాదశికి అమ్మ ఊరి నుంచి నా దగ్గరికి వచ్చింది. ఉత్తర ద్వార దర్శనానికి తెల్లవారుజామున మూడింటికి బయల్దేరదామని ముందే అనుకున్నాం. పది గంటలకే పడుకోవాల్సింది. పదినిమిషాలు చూసి పడుకుందాంలే అని ఫోన్ తీశా. టైమ్ చూసేసరికి రెండు దాటింది. మెలకువ వచ్చేసరికి ఏడున్నర. అమ్మ మూడుసార్లు లేపి చూసి, తెలియని ఊళ్ళో ఒక్కతే ఆటో మాట్లాడుకుని వెళ్ళి, క్యూలో నిలబడి, దర్శనం చేసుకుని వచ్చేసింది. నా చేతిలో తులసిదళం, చిన్న ప్రసాదం పొట్లం పెట్టి, "రాత్రంతా ఆఫీసు పనేనా నాన్నా? కళ్ళు చూడు ఎలా అయిపోయాయో" అంది.

"అవునమ్మా" అన్నా.

రాత్రి చూసినదానికంటే ఆ "అవునమ్మా" నన్ను ఎక్కువ కాలం గుచ్చింది. నాకు ఏదో అయిందని అర్థమైంది ఆ రోజే.

ఇది పాపమా? జబ్బా?

మన దగ్గర ఈ విషయం మీద రెండే రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి, "ఛీ, పాపం, నరకానికి పోతావ్." రెండోది, "ఈ రోజుల్లో అందరూ చూస్తారు బ్రో, నార్మల్." మానలేక నలిగిపోతున్నవాడికి రెండూ పనికిరావు. మొదటి మాట విని దాక్కుంటాడు. రెండో మాట విని, మరి నాకెందుకు ఇంత నరకంగా ఉంది అని అయోమయంలో పడతాడు.

ముందు మన ధర్మం ఏమంటుందో చూద్దాం. కామం అనే మాటని మనవాళ్ళు చెత్తబుట్టలో వేయలేదు. ధర్మార్థకామమోక్షాలని నాలుగు పురుషార్థాల్లో దానికి చోటిచ్చారు. గీత ఏడో అధ్యాయం పదకొండో శ్లోకంలో కృష్ణుడు, ప్రాణుల్లో ధర్మానికి విరుద్ధం కాని కామం తానేనని చెప్తాడు. కాబట్టి కోరిక పుట్టడమే తప్పు అనుకుని తల బాదుకోనక్కర్లేదు. ఆ కోరిక మన చేతిలో ఉందా, మనం దాని చేతిలో ఉన్నామా అన్నది చూసుకోవాలి.

డాక్టర్లు అడిగేదీ దాదాపు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11కి 2019 మేలో ఆమోదం దొరికింది. 2022 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. అందులో కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్ అని ఒకటి చేర్చారు. జూదాన్నీ, వీడియో గేముల్నీ వ్యసనాల కింద పెట్టారు గానీ, దీన్ని మాత్రం ఉద్రేకాల్ని అదుపు చేసుకోలేని సమస్యల కింద పెట్టారు. దీన్ని వ్యసనం అనాలా వద్దా అని నిపుణుల మధ్య ఇంకా వాదన నడుస్తూనే ఉంది. పేరు ఏదైనా గుర్తులు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ కాలం అదుపు తప్పి ఉండటం. ఆరోగ్యం, బాధ్యతలు, ఇష్టమైన పనులు అన్నీ పక్కకి పోయి జీవితం దాని చుట్టూ తిరగడం. మానాలని చాలాసార్లు ప్రయత్నించి ఓడిపోవడం. నష్టం కనిపిస్తున్నా, పెద్దగా సుఖం లేకపోయినా ఆపలేకపోవడం.

ఆ నిర్వచనంలోనే ఇంకో హెచ్చరిక ఉంది, మనలాంటి భక్తులు తప్పక తెలుసుకోవాల్సింది. ఇది తప్పు అనే నైతిక బాధ ఒక్కటే ఉంటే, దాన్నిబట్టి జబ్బు అని తేల్చకూడదు. అంటే ఎప్పుడో ఒకసారి చూసి, వారం రోజులు కుమిలిపోయేవాడు రోగి కాదు. అతనికి కావాల్సింది ఆత్మపరిశీలన, ఇంకొంచెం ధైర్యం. రోజూ రెండింటిదాకా మేలుకుని, అమ్మకి అబద్ధం చెప్పి, మర్నాడు మళ్ళీ అదే చేసేవాడి సంగతి వేరు. నేను ఆ రెండోవాణ్ణి. మీరెక్కడ ఉన్నారో మీరే నిజాయితీగా చూసుకోండి.

సుఖం లేకపోయినా ఎందుకు?

నాకు ఎప్పటికీ అర్థంకాని విషయం ఇదే. చివర్లో నాకు ఆనందం అంటూ ఏమీ ఉండేది కాదు. అయినా వేలు ఆగేది కాదు.

మిచిగన్ యూనివర్సిటీలో కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1993లో ఒక సిద్ధాంతం చెప్పారు. మెదడులో "కావాలి" అనిపించే యంత్రాంగం వేరు, "బాగుంది" అనిపించే యంత్రాంగం వేరు. వ్యసనంలో మొదటిది పెరుగుతూ పోతుంది, రెండోది దాంతోపాటు పెరగదు. మనం ఎప్పుడూ చెప్పుకునే డోపమిన్ ఎక్కువగా పనిచేసేది ఆ "కావాలి" దగ్గర. వాళ్ళు చెప్పింది మాదకద్రవ్యాల గురించి. పోర్న్‌కి అది ఎంతవరకు వర్తిస్తుందన్నది ఇంకా పరిశోధనలో ఉన్న విషయం. కానీ నా అనుభవానికి అంత దగ్గరగా సరిపోయిన మాట ఇంకోటి లేదు.

నికో టిన్‌బర్గెన్ అనే శాస్త్రవేత్త పక్షుల మీద ప్రయోగాలు చేశాడు. ఆయనకి 1973లో నోబెల్ వచ్చింది. సొంత గుడ్డు పక్కన అంతకంటే ఎంతో పెద్ద నకిలీ గుడ్డు పెడితే, పక్షి తన గుడ్డుని వదిలేసి ఆ నకిలీదాన్ని పొదగాలని చూసింది. దాని మీద సరిగ్గా కూర్చోలేకపోయినా సరే. అందులోంచి పిల్ల రాదు. అయినా నిజమైనదాని కంటే పెద్దదిగా, కొట్టొచ్చినట్టుగా కనిపించేసరికి పక్షి స్వభావం మోసపోయింది. మన చేతిలో ఉన్న ఫోన్‌లో ఆ గుడ్లు లక్షల్లో ఉన్నాయి, ఒకటి అయిపోగానే ఇంకోటి.

దీన్ని భాగవతం ఎప్పుడో చూసింది. ఏకాదశ స్కంధంలో అవధూత యదు మహారాజుకి తన ఇరవై నలుగురు గురువుల గురించి చెప్తాడు. అందులో పింగళ ఒకరు. విదేహ నగరంలో ఒక వేశ్య. ఒక సాయంత్రం అలంకరించుకుని గుమ్మంలో నిలబడుతుంది. దారిలో ఒకడు వెళ్ళిపోతాడు. పోనీ, వీడి కంటే డబ్బున్నవాడు ఇంకొకడు వస్తాడులే అనుకుంటుంది. వాడూ వెళ్ళిపోతాడు. లోపలికి వెళ్తుంది, మళ్ళీ బయటికి వస్తుంది. ఇంకొకడు, ఇంకొకడు. అలా అర్ధరాత్రి అయిపోతుంది. నిద్ర లేదు, మొహం వాడిపోయింది.

మనలో చాలామంది ఈ కథ విని, వేశ్య కథ కదా, స్త్రీల నుంచి దూరంగా ఉండమని చెప్తోంది కాబోలు అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒకరోజు చదువుతుంటే తట్టింది. ఈ కథలో నేను దారిన పోయే మగాణ్ణి కాదు. గుమ్మంలో నిలబడి, దీని తర్వాతది ఇంకా బాగుంటుంది అని స్క్రోల్ చేస్తున్న పింగళనే నేను. అవధూత ఆమెను గురువు అన్నాడు, గుర్తుపెట్టుకోండి. ఆమె దగ్గరికి మళ్ళీ వద్దాం.

జబ్బయితే నా తప్పేం లేదా?

ఇక్కడే అసలు చిక్కు. మెదడే ఇలా చేస్తోంది అన్నాక, ఇంక నేనేం చేయను అని చేతులెత్తేయొచ్చు కదా? నేను కొన్నాళ్ళు ఈ సాకు మీదే బతికా. డోపమిన్ వీడియోలు చూసి, డోపమిన్‌ని తిట్టుకుని, మళ్ళీ అదే పని.

మూడో అధ్యాయం ముప్పై ఆరో శ్లోకంలో అర్జునుడు సరిగ్గా ఈ ప్రశ్నే వేశాడు. తనకి ఇష్టం లేకపోయినా, ఎవరో బలవంతంగా పట్టి లాగినట్టుగా మనిషి పాపం ఎందుకు చేస్తాడు అని. గమనించండి, అర్జునుడు "బలవంతంగా లాగారు" అనడు, "లాగినట్టుగా" అంటాడు. మన బాధ్యత ఎంత అన్నది ఆ "అట్టుగా"లోనే ఉంది. పూర్తి బలవంతమైతే తప్పు మనది కాదు. పూర్తి స్వేచ్ఛ అయితే ఇంత బాధా ఉండదు. మనం ఉన్నది ఆ రెండింటి మధ్యలో.

రెండో అధ్యాయంలో అరవై రెండు, అరవై మూడు శ్లోకాల్లో కృష్ణుడు పతనానికి మెట్లు చెప్తాడు. విషయాల గురించి అదేపనిగా ఆలోచించడం, దాంతో సంగం, దాంతో కామం, తర్వాత క్రోధం, మోహం, జ్ఞాపకం చెదరడం, బుద్ధి నశించడం. చివరి మెట్టు మీద నిలబడి "ఆగు" అంటే ఎవరూ ఆగలేరు. అక్కడ ఆపే బుద్ధే మిగలదు. రాత్రి ఒంటిగంటకి, చీకట్లో, ఫోన్ చేతిలో ఉండగా నాకున్న స్వేచ్ఛ నిజంగానే చాలా తక్కువ. కానీ రాత్రి పదింటికి ఆ ఫోన్‌ని ఏ గదిలో ఛార్జింగ్ పెట్టాలో నిర్ణయించేటప్పుడు నా స్వేచ్ఛ దాదాపు పూర్తిగా ఉంది.

కాబట్టి నా సమాధానం ఇది. ఒంటిగంటకి ఓడిపోయినందుకు నిన్ను నువ్వు చంపుకోకు. పదింటికి చేయగలిగింది చేయకపోతే మాత్రం అది నీ బాధ్యతే. షుగర్ వచ్చినవాడిని ఎవరూ పాపి అనరు. కానీ మందు వేసుకోవడం అతని పనే. కృష్ణుడు కూడా కామానికి ఇంద్రియాలు, మనసు, బుద్ధి నివాసాలని చెప్పి, ముందు ఇంద్రియాల్ని అదుపులో పెట్టమంటాడు. కంటి నుంచీ వేలి నుంచీ మొదలుపెట్టాలి. మనం ఒట్లు పెట్టుకుంటూ అన్నిటికంటే కష్టమైన మనసు దగ్గర మొదలుపెడతాం. అందుకే గురువారానికే ఓడిపోతున్నాం.

తెర అవతల ఎవరున్నారు?

ఇది నా ఒక్కడి బలహీనత, ఎవరికీ నష్టం లేదు కదా అని ఇంకో మాట కూడా వినిపిస్తుంది. 2020 డిసెంబరులో ప్రపంచంలోని అతిపెద్ద పోర్న్ సైట్లలో ఒకటి, ఎవరు అప్‌లోడ్ చేశారో ధ్రువీకరించని వీడియోల్ని లక్షల సంఖ్యలో తీసేయాల్సి వచ్చింది. ఇష్టం లేకుండా తీసినవీ, మైనర్లవీ ఉన్నాయని ఆరోపణలు వచ్చాకే అది జరిగింది. అంటే అంతకుముందు చూసిన ఎవరికీ, నాక్కూడా, ఎదురుగా ఉన్న మనిషి ఒప్పుకుందో లేదో తెలుసుకునే దారే లేదు. పిల్లలకి సంబంధించిన అలాంటి దృశ్యాల్ని దగ్గర ఉంచుకోవడం, చూడటం కూడా నేరమేనని మన సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో స్పష్టం చేసింది.

అహింస అంటే కర్రతో కొట్టకపోవడం ఒక్కటే కాదు. ఎవరి కన్నీళ్ళనో మన వినోదంగా వాడుకోకపోవడం కూడా. నన్ను గట్టిగా కదిలించిన ఆలోచనల్లో ఇదొకటి. నా పుణ్యం, నా బ్రహ్మచర్యం, నా స్ట్రీక్ అని లెక్కపెట్టుకున్నంత కాలం అంతా నా చుట్టూనే తిరిగింది. అవతల ఒక మనిషి ఉంది, ఆమెకీ ఒక అమ్మ ఉంది అని గుర్తొచ్చాక చూపు మారింది.

మరి దీపం సంగతి?

తమ్ముడూ, ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తా.

మద్యం మానడానికి ప్రయత్నించేవాళ్ళని అధ్యయనం చేసిన అలన్ మార్లాట్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఒక విషయం గమనించాడు. ఒక్కసారి జారగానే, నా వల్ల కాదు, నేనింతే అనుకునేవాడు పూర్తిగా మునిగిపోతాడు. ముంచేది ఆ మొదటి జారుడు కంటే, దాని తర్వాత వచ్చే ఆ మాట. మన భాషలో చెప్పాలంటే, "ఎలాగూ చెడ్డా కదా, ఇంకాస్త చెడితే ఏం." నువ్వు దీపం ఆపేసిన రోజున జరిగింది అదే. నీకున్న ఒక్క ఆసరానీ శిక్షగా నువ్వే తీసేసుకున్నావ్. జ్వరం తగ్గాకే ఆసుపత్రికి వస్తా అన్నట్టుంది నీ పని.

మూడో అధ్యాయంలోనే, బయటికి ఇంద్రియాల్ని బిగబట్టి లోపల విషయాల్నే తలచుకునేవాణ్ణి మిథ్యాచారి అన్నారు కదా, నేను అదే కదా అని అడుగుతావేమో. మిథ్యాచారం అంటే లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం. నువ్వు ఎవరికీ ఏమీ చూపించట్లేదు. ఓడిపోయానని ఒప్పుకుని దేవుడి ముందు నిలబడుతున్నావ్. అది నటన ఎలా అవుతుంది?

విప్రనారాయణుడి కథ మనందరికీ తెలుసు. 1954లో భానుమతి, నాగేశ్వరరావుగారు నటించిన సినిమాగా మీ తాతయ్యలు, అమ్మమ్మలు చూసే ఉంటారు. శ్రీరంగంలో రంగనాథుడికి పూలమాలలు కట్టే భక్తుడు దేవదేవి మోహంలో పడి అన్నీ మరిచిపోయాడు. తిరిగొచ్చాక నీ చేతి మాల మాకొద్దు అని ఎవరూ అనలేదు. భక్తుల పాదధూళి అని అర్థం వచ్చే పేరుతో, తొండరడిప్పొడి ఆళ్వారుగా ఈ రోజుకీ పన్నెండు మంది ఆళ్వారుల్లో ఒకరిగా పూజిస్తున్నాం.

కాబట్టి పెట్టు. స్నానం చేసి పెట్టు. ఓడిపోయిన మర్నాడు పొద్దున్న తప్పకుండా పెట్టు. ఒట్లు మాత్రం ఆపెయ్. "ఇంకెప్పుడూ చూడను" అని దేవుడికి మాటివ్వకు. "ఈ రాత్రి ఫోన్ హాల్లో పెడతా" అని చెప్పు. నిలబెట్టుకోగలిగిన మాట అది.

నాకు పనికొచ్చినవి

ఫోన్ పడకగదిలో ఉండదు. పొద్దున్న లేవడానికి అలారం గడియారం ఒకటి కొన్నా.

ఒక్క మనిషికి చెప్పా. నా స్నేహితుడికి, ట్యాంక్‌బండ్ మీద నడుస్తూ, వాడి మొహం చూడకుండా. వాడు నవ్వలేదు. "ఎప్పుడు అనిపించినా ఫోన్ చెయ్" అన్నాడు. నా సగం బరువు ఆ రోజే దిగింది. రహస్యంగా ఉన్నంత కాలమే దీని బలం.

కోరిక వచ్చినప్పుడు దాంతో కుస్తీ పట్టడం మానేశా. మార్లాట్ దాన్ని అలతో పోల్చాడు. లేస్తుంది, పైకి వస్తుంది, దానంతట అదే విరుగుతుంది. విరిగేదాకా ఊపిరి చూసుకుంటూ, నామం చెప్పుకుంటూ కూర్చోవడమే. మనసుని అభ్యాసం, వైరాగ్యం అనే రెండింటితో పట్టుకోవచ్చని ఆరో అధ్యాయంలో కృష్ణుడు చెప్పింది నాకు ఇలా అర్థమైంది.

అయినా చాలకపోతే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళా. సిగ్గుపడాల్సిందేమీ లేదు. చాలాసార్లు దీని కింద ఒంటరితనమో, దిగులో, ఆందోళనో దాక్కుని ఉంటుంది. నాకు అదే తేలింది. బెంగళూరు నిమ్హాన్స్‌లో టెక్నాలజీ వ్యసనాల కోసం షట్ క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. గోడల మీద "నరాల బలహీనత" పోస్టర్లు అతికించేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి. వాళ్ళు మీ భయాన్ని అమ్ముకుంటారు.

చెల్లెళ్ళకి ఒక మాట. ఇది మగపిల్లల సమస్యే అనుకుని మీలో కొందరు ఇంకా ఎక్కువ సిగ్గుతో దాచుకుంటున్నారు. పైన రాసిందంతా మీకూ వర్తిస్తుంది.

నేను పూర్తిగా గెలిచానని చెప్పను. జారిన రోజులు ఉన్నాయి. వాటి మధ్య దూరం పెరిగింది, అబద్ధాలు తగ్గాయి. కిందటి ముక్కోటికి అమ్మ కంటే నేనే ముందు లేచా. ఆటో నేనే పిలిచా.

ఇక పింగళ. ఆ అర్ధరాత్రి ఇంక ఎవరూ రారని తెలిశాక ఆమెకి గొప్ప నిరాశ కలిగింది. ఆ నిరాశలోంచే ఒక ఆలోచన వచ్చింది. నా గుండెలోనే, నాకు ఇంత దగ్గరగా ఉన్నవాణ్ణి వదిలేసి, దారిన పోయేవాళ్ళ కోసం ఇన్నాళ్ళు ఎదురుచూశానే అని. గుమ్మం దగ్గర నుంచి లోపలికి వచ్చింది. మంచం మీద వాలింది. భాగవతం ఆమె కథని ఎక్కడ ముగిస్తుందో తెలుసా? ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది.

తమ్ముడూ, ఈ రాత్రికి నీకు కావాల్సింది కూడా అంతే. ఫోన్ హాల్లో పెట్టు. పడుకో. పొద్దున్న దీపం పెట్టు.

వచ్చే వారం ఆరో అధ్యాయంతో కలుద్దాం. శుభం.